జనార్దనం మాస్టారు చూసిన గుహ

జనార్దనం మాస్టారు ఇక లేరని ఆ సోమవారం పొద్దున్నే ఫోనొస్తే నేను నమ్మలేదు. దుఃఖం వల్ల నమ్మలేకపోయానని పాఠకులు అనుకోవచ్చు. కాదు, నా స్వభావమే అంత. ఫోను చేసినాయన్ని ఎవరు చెప్పారని అడిగాను. పెట్టేసి మరో ఇద్దరికి ఫోను చేసి కనుక్కున్నాను. ముగ్గురూ ఒకే మాట చెప్పాక కుర్చీలో కూలబడ్డాను. ముందు రోజే కొండపల్లి కోట ఎక్కి దిగిన మనిషి. పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే ప్రాణం పోయిందట. జీవితమంతా నడకనే వ్రతంగా పెట్టుకున్న ఆ పాదచారి చివరి ప్రయాణానికి మాత్రం ఒక్క అడుగు కూడా వేయలేదు.

మా ఇద్దరిదీ బెజవాడలో ఒకటే హైస్కూలు. ఆయన సోషల్, నేను తెలుగు. పరీక్షలప్పుడు చొక్కా మడతల్లో, వాచీ పట్టీ కింద, అట్టల వెనక దాచిన స్లిప్పులు పట్టడంలో నాకు పేరుండేది. పిల్లలు నన్ను స్లిప్పుల మాస్టారనేవారు. ఆ సంగతి తెలిసి లోలోపల గర్వపడేవాణ్ణి కూడా. ముప్పై ఏళ్ళు ఆ పని చేసిన కన్ను రిటైరైనంత మాత్రాన ఊరుకోదు. పాలవాణ్ణీ అలాగే చూస్తుంది, అల్లుణ్ణీ అలాగే చూస్తుంది. జనార్దనం గారిని మరీ ఎక్కువగా చూసింది.

ఆయన ఆదివారాలు పిల్లల్నీ, ఓపికున్న మాస్టర్లనీ వెంటేసుకుని కొండలు ఎక్కించేవారు. ఒక వారం కొండపల్లి, ఒక వారం ఉండవల్లి గుహలు, సెలవులొస్తే ఇంకా దూరం. నడకలో ఎప్పుడూ అందరికన్నా వెనక ఉండేవారు. "ముందు నడిచేవాడికి దారి కనపడుద్దండీ, వెనక నడిస్తే మనుషులు కనపడతారు" అనేవారు. ఈ మాట అందరికీ నచ్చింది. నాకు మాత్రం అనుమానమొచ్చింది. వెనక ఉండిపోయి చాటుగా సిగరెట్టు కాలుస్తున్నాడేమోనని ఒకసారి కోట దారిలో బండ వెనక నక్కి కూర్చున్నాను. ఆయన ఒంటరిగా చేతులు తిప్పుతూ, గొంతు పెంచుతూ తగ్గిస్తూ వస్తున్నారు. పైకెళ్ళాక పిల్లలకు చెప్పబోయే కోట కథని ముందుగా తనకు తానే చెప్పుకుంటున్నారు. నన్ను చూసి ఉలిక్కిపడి నవ్వేశారు. సిగరెట్టు లేదు గానీ, కథల్ని ఇంత సాధన చేసే మనిషి కథల్ని కల్పించగలడు కూడా అని ఆనాడే మనసులో రాసిపెట్టుకున్నాను.

ఆయన ఆరాధ్యదైవం, అలా అనవచ్చునో లేదో గానీ, మాయా జాతి ప్రాచీన నాగరికత. సముద్రాలకు అవతల మధ్య అమెరికా అరణ్యాల్లో శతాబ్దాల క్రితం ఆకాశాన్నంటే రాతి ఆలయాలు కట్టి, గ్రహగతుల్ని గుణించి, ఆ నగరాల్ని అడవికి వదిలి వెళ్ళిపోయిన ప్రజలు. మా పాఠ్యపుస్తకంలో వాళ్ళ గుడి బొమ్మ తపాలాబిళ్ళంత ఉండేది. దాని మీద ఆయన నాలుగు పీరియడ్లు చెప్పేవారు. పోర్షన్ పూర్తికాలేదని హెడ్మాస్టరు గారు మందలిస్తే, "పోర్షన్ ఎవరికైనా అవుద్దండీ, ఆశ్చర్యమే అవదు" అన్నారట. అదీ ఆయన చెప్పగా విన్నదే, నేను అక్కడ లేను.

ఆ గుడి నమూనా ఒకటి కొండపల్లి బొమ్మల కళాకారుడితో పొణికి కర్రతో చేయించారు. మెట్లన్నీ లెక్కగా కుదిరాయి గానీ శిఖరాన పసుపుపచ్చ కలశం నిలబడి ఉంది. స్టాఫ్ రూములో నేనే పట్టుకున్నాను.

"ఏవండీ, మాయా వాళ్ళకి కలశం ఎక్కడిదండీ?"

"లేదండీ. ఆయన చేతికి గుడంటే కలశం లేకుండా రాలేదు. తీసెయ్యమందామనుకున్నా. ఎంతో ముచ్చటగా చూపించాడు, మొహం చిన్నబోద్దేమోనని ఊరుకున్నా."

"అంటే అబద్ధపు బొమ్మ చూపించి పాఠం చెప్తారా?"

"కలశం లేదని నోటితో చెప్తాగా" అన్నారు. చెప్పేవారు కూడా. అయినా ఆ సంగతీ నా లెక్కలోకి చేరింది.

రిటైరయ్యాక ఆయన జీవితకాలపు కోరిక తీరింది. ఆయన శిష్యురాలు డాక్టర్ మాధవి ఆ మాయా వాళ్ళ సీమలోనే ఉన్న బెలీజ్ అనే చిన్న దేశంలో వైద్య కళాశాలలో పాఠాలు చెబుతోంది. ఉయ్యూరు దగ్గర పల్లెటూరినుంచి వాళ్ళమ్మ రత్తమ్మ గారు కూతురి దగ్గరికి వెళుతుంటే, మాధవి ఆవిడకు తోడుగా మాస్టార్నీ రమ్మంది. ఇరవై రోజులుండి వచ్చారు. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ మాకు ఆ మాటలే. సముద్రతీరం సంగతి ఆయన ఎత్తేవారు కాదు. అన్నీ లోతట్టు అడవులు, ఏరులు, కొండ కోతులు. ఆ కోతులు కూస్తే పెద్దపులి గాండ్రించినట్టుంటుందట. ఒక గుడికి పోవాలంటే ఏరు దాటాలి, దాటించేది బల్లకట్టు, దాన్ని ఒక మనిషి చేత్తో చక్రం తిప్పి అవతలికి లాగుతాడట. వాళ్ళు పూజించే మహావృక్షం మన తెల్లబూరుగేనట. మొక్కజొన్నల్ని సున్నపు నీళ్ళలో నానబెట్టి, రుబ్బి, మన జొన్నరొట్టెల్లాగే పెనం మీద కాలుస్తారట.

నాకు ఒళ్ళు మండింది. బల్లకట్టు మనది, బూరుగు మనది, రొట్టె మనది. ఇక్కడివన్నీ పట్టుకెళ్ళి అక్కడ పెట్టినట్టుంది వ్యవహారం. "ఇంతకీ విమానమెక్కారా, మన కృష్ణలో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పడవెక్కి వచ్చారా?" అని అందరి ముందూ అడిగాను. ఆయన అందరికన్నా ఎక్కువ నవ్వారు. "మీరు రావాల్సిందండీ, అక్కడ బల్లకట్టు ఎక్కితే మీక్కూడా అనుమానం వచ్చేది, మనూరు దాటామా లేదా అని" అన్నారు.

అసలు సంగతి గ్రంథాలయం హాల్లో జరిగింది. అక్కడ ఆయన ప్రసంగం ఏర్పాటైంది. కలశం ఉన్న బొమ్మ బల్ల మీద పెట్టి, తెర మీద ఫోటోలు చూపిస్తూ గంటసేపు మంత్రముగ్ధుల్ని చేశారు. చివర్లో ఒక గుహ గురించి చెప్పారు. అడవిలో ఏటి వెంట నడిచి, మోకాలి లోతు నీళ్ళలో దిగి వెళ్ళాలి. లోపల పూర్వులు దేవతలకు సమర్పించిన కుండలు, అస్థికలు ఎక్కడివక్కడే రాతిలో కలిసిపోయి, దీపం పడితే స్ఫటికాల్లా మెరుస్తాయట. వర్ణన అద్భుతంగా ఉంది. అందుకే నాకు చెవులు నిక్కబొడుచుకున్నాయి. అంతవరకూ ప్రతిదానికీ ఫోటో ఉంది, దీనికి లేదు.

నేను లేచాను. "గుహ ఫోటో ఒక్కటి చూపించండి."

"కెమెరా లోపలికి రానివ్వరండీ. ఎవరి చేతిలోంచో అది జారిపడి ఒక పుర్రె పగిలిందట. అప్పట్నించీ కట్టడి చేశారు."

"బాగుంది. ఇంకేం కట్టడులున్నాయి?"

"బూట్లు వేసుకోకూడదు. ఒట్టి కాళ్ళతోనూ పోకూడదు, కాలి చెమట, జిడ్డు ఆ రాతిని పాడుచేస్తాయట. సాక్సులతోనే నడవాలి."

"సాక్సులేసుకుని దేవుడి దర్శనమా!" అన్నాను. హాలంతా ఘొల్లుమంది. ఆ నవ్వు నాకు బలమిచ్చింది. "మాస్టారూ, సూటిగా చెప్పండి. ఆ గుహ మీరు మీ కళ్ళతో చూశారా?"

ఆయన చూపు నా మీద నుంచి తప్పుకుని రెండో వరస మీదికి వెళ్ళింది, అక్కడే ఒక క్షణం ఆగింది. "చూశానండీ" అన్నారు. ఆ గొంతు నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు పరీక్ష హాళ్ళలో విన్న గొంతు అది. అబద్ధమని నిశ్చయంగా తెలిసిపోయింది. కూర్చున్నాను. కూర్చుంటూ, అందరికీ వినబడేటట్టు "సరే" అని ఒక సాగదీత సాగదీశాను.

ఆ తరవాత ఆయన ఎక్కడా మాయా ప్రసంగం చేయలేదు. అడిగినవాళ్ళకి ఏదో సాకు చెప్పేవారు. ఆదివారం నడకలు మాత్రం మానలేదు, నాతో మాట్లాడటమూ మానలేదు. ఒకసారి నేనే ఉండబట్టలేక, "నామీద కోపమా?" అన్నాను. "భలేవారే. అడిగేవాళ్ళు లేకపోతే నేనింకెన్ని కోతలు కోసేవాణ్ణో!" అని నవ్వి నా భుజం తట్టారు. ఒప్పుకున్నాడు కదా అని సంతోషించాను. ఈ వాక్యం రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది.

ఆయన పోయాక మా రిటైర్డు ఉపాధ్యాయుల సంఘం స్మారక సంచిక తలపెట్టి, ఈ వ్యాసం నన్ను రాయమంది. "ప్రాచీన మాయా క్షేత్రాలను, గుహలను స్వయంగా దర్శించిన ధన్యుడు" అని ఒక వాక్యం తప్పకుండా ఉండాలని కార్యదర్శి గారు పట్టుబట్టారు. దర్శించానని చెప్పుకునేవారు అని రాస్తానన్నాను. పోయినవాళ్ళ మీద కూడా పంతమా అని ఆయన విసుక్కున్నారు. పంతం కాదు. నాకు ఖాయంగా తెలియని మాట మీద నా సంతకం పెట్టలేను. అదొక్కటే నాకు మిగిలిన ఆస్తి.

పెద్దకర్మ రోజున వాళ్ళింటికి వెళ్ళాను. దండ వేసిన ఫోటో పక్కనే కలశం గుడి పెట్టారు. మాస్టారి భార్య సుభద్ర గారు నన్ను చూసి, నేను అడగకుండానే లోపలికెళ్ళి పాస్‌పోర్టు తెచ్చిచ్చారు. "చూడండి అన్నయ్య గారూ. మీకు చూపించమని నేనే పోరేదాన్ని. ఆయన ఒప్పుకునేవారు కాదు" అన్నారు. చావింట్లో, అంతమంది ముందు, నేను సిగ్గులేకుండా పేజీలు తిప్పాను. ముద్ర ఉంది. ఆ దేశం వెళ్ళిన మాట నిజమే. మరి గుహ? గుహ సంగతి పాస్‌పోర్టు చెప్పదు కదా అని ఇంకా లోపల పురుగు తొలుస్తూనే ఉంది.

పక్కన చాప మీద కూర్చున్న పెద్దావిడ నన్నే చూస్తోంది. "ఆ రోజు హాల్లో లేచి అడిగింది మీరేగా?" అంది. ఆవిడే రత్తమ్మ గారు. ఆనాడు రెండో వరసలో కూర్చున్నది ఆవిడేనని అప్పుడు తెలిసింది.

"నేనేనమ్మా."

"మీ అనుమానం నిజవేనండీ. మాస్టారు ఆ గుహలోకి రాలేదు."

నా ముప్పై ఏళ్ళ కన్ను తప్పుచేయలేదు. ఒక్క క్షణం, ఒక్కటే క్షణం, విజయగర్వం కలిగింది. దాచి లాభం లేదు.

"ఊడ్పుల్లో బురద తొక్కిన కాళ్ళండీ నావి, ఆ ఏరు నాకో లెక్క కాదు" అంటూ చెప్పుకొచ్చింది రత్తమ్మ గారు. "గుహ ముందుకొచ్చాం. దేవుడి చోటు కదా అని అలవాటు కొద్దీ చెప్పులు ఇడిచేసి, దణ్ణం పెట్టి, ఒట్టి కాళ్ళతో గబగబా లోపలికెళ్ళబోయా. దారి చూపే అబ్బాయి పరిగెత్తుకొచ్చి ఆపేశాడు. సాక్సులు కావాలన్నాడు. నాకు సాక్సులెక్కడివండీ, పుట్టి బుద్ధెరిగి వేసుకోలేదు. నా మొహం చూసి మాస్టారు ఆ బండ మీద కూచుని, బూట్లిప్పి, ఆయనవి తీసి నాకిచ్చారు. మరి మీరో అంటే, 'నేను నిన్న కాలేజీ వాళ్ళతో వచ్చి చూసేశానమ్మా, మళ్ళీ ఎందుకు' అన్నారు. నిజవేననుకుని వెళ్ళా."

"నిజం కాదని ఎప్పుడు తెలిసింది?"

"తిరిగొచ్చేప్పుడు కార్లో. కుండ మూతి ఎట్టా ఉంది, ఎముకలు ఏ రంగులో మెరిశాయి, నీళ్ళ చప్పుడు లోపల ఎట్టా వినపడింది అని ఒకటే అడగటం. చూసినాయన అట్టా అడుగుతారాండీ? అప్పుడు గుర్తొచ్చింది, ముందు రోజు పొద్దస్తమానం ఆయన మాతోటే బల్లకట్టు కాడ ఉన్నారు. అడుగుదామనుకున్నా. అడిగితే నేను బాధపడతానని ఆయన బాధపడతారు. ఊరుకున్నా. నాకు తెలీదనుకునే పోయారు పాపం."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఆ రోజు మీరు అడిగితే నా మొహం చూసి, చూశానన్నారు. లేదంటే నాకు తెలిసిపోద్దని. అంతమంది నవ్వుతుంటే నేను లేచి చెప్పాల్సిందండీ. నోరు రాలేదు."

కొంగు ముడి విప్పి, ఉతికి మడతపెట్టిన బూడిదరంగు సాక్సులు బయటికి తీసింది. తిరిగిచ్చేస్తే ఆ సంగతి మాటల్లోకి వస్తుందని ఇన్నేళ్ళూ ఇవ్వకుండా దాచిందట. "ఇదంతా రాయనామ్మా?" అని అడిగాను. "రాయండి. ఇంక ఆయనకి తెలీదుగా" అంది.

అందుచేత, కార్యదర్శి గారికి క్షమాపణలతో, వారు కోరిన వాక్యం మార్చి రాస్తున్నాను. కీర్తిశేషులు జనార్దనం మాస్టారు ఆ గుహను చూడలేదు. జన్మంతా కలగన్న చోటి గడపలో, కాళ్ళకు సాక్సులు లేక, బండ మీద కూర్చుండిపోయారు. చూడనిదాన్ని చూశానని నిండు సభలో అబద్ధమాడారు. నేను చాలా అబద్ధాలు పట్టుకున్నాను గానీ, ఎదుటి మనిషి మనసు నొచ్చుకోకూడదని తన పరువునే పణంగా పెట్టిన అబద్ధాన్ని ఆ ఒక్కసారే చూశాను. చూసి అందర్నీ నవ్వించాను. మాస్టారూ, మన్నించండి. మా వెనక నడిచి మమ్మల్ని చూసేవాళ్ళు ఇక లేరు.

ఫోటో ముందు మీరే పెట్టమని రత్తమ్మ గారు ఆ సాక్సులు నా చేతికిచ్చింది. ఎవరేమిచ్చినా ముందు తిరగేసి చూడటం నా అలవాటు. వాటిని తిరగేయకుండానే కలశం గుడి పక్కన పెట్టాను.