మేనమామ పాడిన అప్పగింతల పాట

"మీ మామ పోయిండు బిడ్డా" అని చొప్పదండి నుంచి ఆయన పక్కింటామె ఫోన్ చేసింది. కరీంనగర్‌లో పొయ్యి మీద అన్నం అట్లాగే వదిలేసి చెప్పులేసుకున్నాను. మా ఆయన తల్లి, అంటే మా అత్తే, స్టౌ ఆర్పి, ఇంటికి తాళం వేసి నా వెంట వచ్చింది.

మా మేనమామది సన్నని గొంతు. నాట్లప్పుడు, బతుకమ్మప్పుడు, పెండ్లిళ్లలో ఆడవాళ్లు పాడే పాటలన్నీ ఆయనకు వచ్చు. వాళ్ల అక్క, అంటే మా అమ్మ, పాడుతుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. మగవాడు భజన పాడితే భక్తి అంటారు కదా, ఈయన ఉయ్యాల పాట ఎత్తుకుంటే మాత్రం కల్లు దుకాణం దాకా నవ్వులే. పెండ్లి చేసుకోకపోవడానికి కూడా జనం ఆ పాటలనే చూపించారు. అసలు కారణం ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎవరు వెక్కిరించినా ఒకటే మాట: "గొంతుకు మీసాలుంటయార?"

మామ దుబాయికి కూలిపనికి పోయినప్పుడు కూలీల క్యాంపులో మగవాళ్లే గుండ్రంగా తిరుగుతూ బతుకమ్మ ఆడారట. పాట చెప్పింది మా మామే. పక్క గదుల బంగ్లాదేశ్ వాళ్లు కూడా గడప దగ్గర నిలబడి విన్నారట.

"ఎవరూ నవ్వలేదా మామా?"

"ఎవడు నవ్వుతడు బిడ్డా? ఆడ మాకు ఊరు లేదు, కులం లేదు, అరబ్బోళ్లకు అందరం 'హిందీ'లమే, ఇండియావాళ్లమే. గీ పాటకాడనే మేం మా ఊరోళ్లం. ఒక్కొక్కడు వాళ్ల అవ్వ యాదికొచ్చి ఏడ్సుడే."

అంటూ సాసర్‌లో చాయ్ ఊదుకునేవాడు. కళ్లెందుకు తడిశాయంటే నెపం చాయ్ వేడిమీద పెట్టేవాడు.

నా పెండ్లినాటికి అమ్మ లేదు. మగపెండ్లివారు పట్నం తీరుగా డీజే తెచ్చారు. అప్పగింతల పాటలు మోటని మా చుట్టాల ఆడవాళ్లే సిగ్గుపడి నోరు మూసుకున్నారు. మామ డీజే పిల్లగాడి దగ్గరికి పోయి "జర బంద్ చెయ్యి బిడ్డా" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని, తల్లి పాడవలసిన పాటను ఎత్తుకున్నాడు. అచ్చం మా అమ్మ గొంతే! పందిరంతా ఇకిలింపులు.

"మగోడు గీ పాట పాడుడేంది? మా ఇజ్జత్ తీసిండు" అంది మా అత్త. తర్వాత ఎన్నేండ్లు దెప్పిందో చెప్పలేను. దెప్పితే దెప్పనీ. ఆ పాటే లేకపోతే అమ్మను తలుచుకుని ఏడవకుండానే డీజే మోతలో కారెక్కి ఉండేదాన్ని. ఆ ఏడుపే నాకు మామ పెట్టిన సారె.

మా దిక్కు పోయినవాళ్లను పాట కట్టి ఏడుస్తారు. అక్కో, పెండ్లామో, బిడ్డో ఏడవాలి. మామకు ఎవరూ లేరు. ఇన్ని పాటలు పాడిన మనిషిని పాట లేకుండా పంపుతారేమో! చొప్పదండి చేరగానే ఆయన తల దగ్గర కూర్చున్నాను. నలుగురిలో ఎప్పుడూ పాడినదాన్ని కాదు, పైగా పక్కనే అత్త. నోరు తెరిస్తే డప్పుల మోతలో నా గొంతు నాకే వినబడలేదు.

అత్త లేచింది. ఇంటికి పోదాం పదమంటుందనుకున్నాను. ఆమె డప్పుల వాళ్ల దగ్గరికి పోయి చెయ్యెత్తింది.

"జర ఆపుర్రి కొడుకా. మా కోడలు పాడుతది."

డప్పులు కడుపుకు ఆనించుకుని వాళ్లు అట్లాగే నిలబడ్డారు. అత్త వచ్చి నా పక్కన చతికిలబడింది. మామ నాకు పాడిన అప్పగింతల పాటనే మామకు ఎత్తుకున్నాను.