ఫుప్పు పాడి పంపిన క్యాసెట్

మొన్న కామారెడ్డిలో ఒక పెళ్లికి వెళ్తే, భోజనాల దగ్గర మైకు పట్టుకున్న అమ్మాయి ఒక పాట ఎత్తుకుంది. మాటలు కొత్తవే, ఆ పెళ్లి కోసం ఎవరో అల్లినవి, కానీ చరణం చివర గొంతును కిందికి జార్చి, ఇక ఆగిపోయిందనుకున్న చోట మళ్లీ పైకి లేపే ఆ తీరు మాత్రం మా ఫుప్పుది, అంటే మా నాన్న అక్కది. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగితే, వాళ్ల అమ్మమ్మ లింగంపేటలో బీడీలు చుడుతూ ఇట్లాగే పాడేదని, ఈ బాణీ ఎవరిదీ కాదని చెప్పింది. ఎవరిదీ కాదన్నందుకు ఒళ్లు మండింది గానీ, పెళ్లి పందిట్లో పోట్లాడే వయసా నాది, నోరు మూసుకుని ఇంటికొచ్చాను.

మాది ఎల్లారెడ్డి. పల్లెటూరి ముసల్మానులం, ఇంట్లో ఉర్దూ కన్నా తెలుగే ఎక్కువ. ఫుప్పును జుక్కల్ వైపు ఇచ్చారు, అక్కడ పొరుగిళ్ల మరాఠీ భజనలు, పొలాల్లో కన్నడ పాటలు ఆమె చెవుల్లో పడి ఉండిపోయాయి. భర్త పోయాక కొడుకును చంకనేసుకుని మా ఇంటికే వచ్చి, బీడీల చాట ముందేసుకుని కూర్చుంది. మన తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు, అప్పట్లో పీర్ల పండుగకు అలాయి నిప్పుల గుండం చుట్టూ తిరుగుతూ పాడేది మగవాళ్లే, ఆడవాళ్లు గడపల్లో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేవాళ్లు. ఒక ఏడు ఫుప్పు గడప దిగింది. కర్బలా యుద్ధంలో బిడ్డలను పోగొట్టుకున్న తల్లుల శోకాన్ని తెలుగులో, ఆ భజనల సాగతీతతో, బీడీలు చుట్టే చేతుల నడకతో పాడింది. పెద్దమనుషులు మొహాలు చిట్లించుకుని మా నాన్నకు గడ్డి పెట్టారు, మరుసటి ఏడు ఆమె ఇంకా రాలేదేమని వాళ్లే కబురు పెట్టారు. ఆ తర్వాత చుట్టుపక్కల ఆడవాళ్లు చాలామంది ఆమెలాగే పాడబోయారు.

ఆమె కొడుకును మేమంతా భాయ్ అనేవాళ్లం. ఎనభైలలో గల్ఫ్ పోయి, మొదటి సెలవుకు వస్తూ ఒక టేప్ రికార్డర్ తెచ్చిపెట్టాడు. గల్ఫ్ మనుషులున్న ఇళ్లలో అప్పట్లో ఉత్తరాల కన్నా క్యాసెట్లే ఎక్కువ తిరిగేవి. శుక్రవారం నమాజు అయ్యాక అందరం దాని చుట్టూ చేరి, వరుసగా సలాం చెప్పి, బర్రె ఈనిన సంగతి, వాన పడని సంగతి మాట్లాడేవాళ్లం. ఊరి నుంచి పోయేవాళ్ల సంచిలో అది వెళ్లేది, అక్కడ భాయ్ విని, దాని మీదే తన జవాబు నింపి వచ్చేవాళ్ల చేత పంపేవాడు. ఒక్క క్యాసెటే అటూ ఇటూ తిరిగేది. మాటలు దాచుకోవాలని మాకెవరికీ ఎన్నడూ తోచలేదు.

కొన్నేళ్లకు ఫుప్పు గొంతు బొంగురుపోయింది. పొగాకు దుమ్మేలే అనుకున్నాం. కామారెడ్డి డాక్టరు చూసి హైదరాబాద్ తీసుకుపొమ్మన్నాడు, అక్కడివాళ్లు అది క్యాన్సరని, గొంతు కోసి లోపలిది తీసేయాలని, ఆ తర్వాత మాట ఉండదని చెప్పారు. భాయ్‌కి తెలిస్తే పని మధ్యలో వదిలేసి వస్తాడని, చెప్పొద్దని ఆమె మా అందరిచేత ఒట్టు వేయించుకుంది. మాట పోయేలోగా పాటలన్నీ పట్టి ఉంచాలని మా నాన్న పట్టుబట్టాడు. ఒక మధ్యాహ్నం గోడకు ఆనుకుని, దగ్గుతూ, మధ్యమధ్య నీళ్లు తాగుతూ, క్యాసెట్ రెండు పక్కలా నిండేదాకా పాడింది. నాన్న దాన్ని బీరువాలో పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ముందుగాల వాన్ని విననియ్ తమ్మీ. మల్ల పంపిస్తడు గద, గప్పుడు దాసుకో."

సరేనన్నాం. ఆ క్యాసెట్ ఎట్లా పోయి ఎట్లా తిరిగొస్తుందో ఇంటిల్లిపాదికీ తెలుసు. అయినా దీన్ని మాత్రం చెరపొద్దని ఒక్కరమూ చెప్పి పంపలేదు.

ఆపరేషన్ అయి, మెడకు గుడ్డ చుట్టుకుని ఆమె ఇంటికి వచ్చాక క్యాసెట్ తిరిగి వచ్చింది. తన పాట తాను వినాలని ఫుప్పు చిన్నపిల్లలా ముందుకు జరిగి కూర్చుంది. నాన్న బొత్తాం నొక్కాడు.

"సలామ్ అమ్మీ. నీ పాటలు రూంల అందరం విన్నం, అందరు ఏడ్సిన్రు. ఇంకోపారి పాడి పంపు అమ్మీ."

ఆ తర్వాత అక్కడి ఎండ గురించి, వంటకు వంతులేసుకోవడం గురించి చాలాసేపు మాట్లాడాడు. నాన్న రెండో పక్క తిప్పాడు, అక్కడా అతనే. మాలో ఎవరికీ ఫుప్పు మొహం చూసే ధైర్యం లేకపోయింది. ఆమె మాత్రం మళ్లీ మొదటినుంచి పెట్టమని సైగ చేసింది, మొత్తం విన్నది, విని నాన్న నోటికి తన అరచెయ్యి అడ్డం పెట్టింది. కొడుకుకు చెప్పొద్దని. పోయేదాకా రోజూ ఆ క్యాసెట్టే పెట్టించుకునేది.

భాయ్ మట్టి వేయడానికి కూడా అందలేదు. తర్వాత వచ్చి, మళ్లీ ఎందుకు పాడి పంపలేదని అడిగితే, టేప్ రికార్డర్ చెడిపోయిందని నాన్న అబద్ధం చెప్పాడు. నాన్న పోయాడు, పోయినేడు భాయ్ కూడా పోయాడు, అందుకే ఇప్పుడు రాయగలుగుతున్నాను. ఈ రోజుల్లో మా మనవళ్ల ఫోన్లలో పిల్లి అరుపు కూడా భద్రంగా ఉంటుంది, ఒకరు మాట్లాడాలంటే ఇంకొకరిది చెరపాల్సిన పనే లేదు. ఫుప్పు బాణీలు నాకు కంఠతా వచ్చు, ఎక్కడ ఊపిరి తీసేదో కూడా చెప్పగలను. కానీ ఆమె గొంతు విందామని కళ్లు మూసుకుంటే, ఎన్నాళ్లుగానో, నాకు వినిపించేది భాయ్ చెప్పిన సలామే.