ఎన్ని బారల వల?

యర్రగొండపాలెం బస్టాండు వెనక సందులో ఒక మిద్దె ఉంది. కింద ఎరువుల దుకాణం, పైన గొర్రెల సంస్థ. బోర్డు మీద ఆ సంస్థకి మూడు వరుసల పేరుంది గానీ ఊళ్ళో ఎవరి నోటా ఆ పేరు పలకదు. "గొర్రెల ఆఫీసు" అంటేనే ఆటోవాళ్ళు సరిగ్గా దింపుతారు. ఆ ఆఫీసులో కంప్యూటర్లకీ ట్యాబులకీ యాప్‌లకీ అన్నిటికీ పెద్ద నాగమల్లేశ్వరి. పదో తరగతి లెక్కల్లో తప్పిన మనిషి. ఎవరో వెనకాల చెప్పుకోవడం దేనికని ఆ ముక్క ఆమే ముందు చెప్పేసి నవ్వుతుంది.

పుల్లలచెరువు అవతల అడవి అంచున గొర్లు కాసే ఇంట్లో పుట్టి, యర్రగొండపాలెం కోడలుగా వచ్చింది. సంస్థలో చేరింది టీ కాయడానికి, గదులు ఊడవడానికి. చేరిన రెండో నెలలో ఒకరోజు ప్రింటరు మొండికేసింది. మార్కాపురం నుంచి మెకానిక్కు వచ్చేసరికి మర్నాడవుతుందన్నారు. అందరూ దాని చుట్టూ నిలబడి తలా ఒక మీట నొక్కుతుంటే, ఈమె చీపురు పక్కన పెట్టి వంగి, లోపల ఇరుక్కున్న కాగితాన్ని మెల్లగా లాగి పడేసింది.

"ఈనలేని గొర్రెకి పిల్లని లాగలేదా ఏంది, ఇదెంత?" అన్నదట.

ఆనాటి నుంచి ఏ మిషను మొరాయించినా మల్లేశ్వరిని పిలవమనడమే. పిలవగా పిలవగా పదేళ్ళు తిరిగేసరికి టీ కాసే పని ఇంకొకరికి పోయి, ఈమెకి ఒక బల్లా కుర్చీ వచ్చాయి.

సంస్థ పెట్టింది శేషాద్రి గారు. వాళ్ళది మార్కాపురంలో పలకల వ్యాపారం చేసిన కుటుంబం. ఒక ఏడు తొలకరి పడ్డ వారానికి ఆయన పుల్లలచెరువు దారిన వస్తుంటే, రోడ్డు పక్కన వరసగా చచ్చిన గొర్రెలు కనబడ్డాయట. చిటుక రోగం. కొత్త వాన పడి లేత పచ్చిక మొలుస్తుంది, ఎండాకాలమంతా మాడిన గొర్రె దాన్ని ఆబగా మేస్తుంది, చిటికె వేసేంతలో కూలబడిపోతుంది. వానకి రెండు వారాల ముందే సూది వేస్తే ఏమీ కాదు. వాన పడ్డాక వేస్తే వేసీ లాభం లేదు. ఆ సంగతి తెలిశాక ఆయన దుకాణం తమ్ముళ్ళకి వదిలేసి ఈ పని మీద పడ్డాడు. మంచి మనిషే. కాకపోతే ఎవరు ఏ కొత్త వస్తువు ఇస్తామన్నా వద్దనలేడు.

అట్లా ఆ సంస్థకి నాలుగు యాప్‌లు చేరాయి. ఒక దాత ఒకటి, ఇంకో దాత ఇంకొకటి. ఊళ్ళో పశువులకి మందులూ సూదులూ వేసే అంకాలమ్మ ఒక్క గొర్రెకి సూది వేసి నాలుగు యాప్‌లలో నాలుగుసార్లు రాయాల్సి వచ్చేది.

"అమ్మే మల్లేశ్వరీ, గొర్రె ఒక్కసారే చచ్చుద్ది, నన్ను నాలుగుసార్లు చంపుతుండారు గదే!" అని అంకాలమ్మ ట్యాబు బల్లమీద పడేసిన రోజున మల్లేశ్వరి శేషాద్రి గారి ముందు నిలబడింది.

"సారూ, ఇంక మనకి ఒకటే యాప్. ఎవరొచ్చినా దాంట్లోంచే చూసుకోవాల. సిగ్నల్ లేకపోయినా అడివిలో పని చేయాల, బస్టాండుకొచ్చినాక దానంతటదే ఆఫీసుకి చేరాల. అట్ల ఇచ్చేవాళ్ళే రానీ. పైన ఎగిరే కెమెరా ఇస్తామన్నోళ్ళకి ఒక దండం పెట్టండి."

"కెమెరా ఊరికే ఇస్తామంటున్నారమ్మా" అన్నాడాయన దిగులుగా.

"ఊరికే ఇచ్చిన ఏనుక్కి మేత మనదే గదా సారూ."

ఆయన ఒప్పుకున్నాడు. హైదరాబాదులో సూదిమందు ఇచ్చే దాతల తరపున కొండలరావు అనే సాఫ్ట్‌వేరు మనిషి ఉన్నాడు. అతను ఆమె చెప్పినట్టే ఒక్క యాప్ తయారు చేశాడు. అందులో ప్రశ్నలన్నీ మల్లేశ్వరే రాసింది. కాపరి పేరు, ఊరు, ఆ తరవాత మూడో ప్రశ్న: మీకు ఎన్ని గొర్రెలున్నాయి? ఆ అంకెను బట్టి ఏ ఊరికి ఎంత మందు పంపాలో యాప్ తానే లెక్క కట్టి హైదరాబాదుకి చెప్తుంది. జిల్లాలు మళ్ళీ విడగొట్టిన మరుసటి ఏడు మాఘమాసంలో మూడు వందల మందల వివరాలు ఎక్కించారు. శేషాద్రి గారు వచ్చినవాళ్ళకల్లా ఆ తెర చూపించి మురిసిపోయేవాడు.

మే నెల మూడో వారంలో మందు పెట్టెలు దిగాయి. ఐసు పెట్టెలు ఎత్తుకుని అంకాలమ్మ బృందం మొదటి ఊరికి వెళ్ళింది. ఆ ఊళ్ళో ఏడు మందలు. యాప్ ప్రకారం నూట నలభై గొర్రెలు. నూట నలభై సూదులు ఒక్క మందకే చాలలేదు. కాపరులు మిగతా వాటిని తోలుకొస్తూనే ఉన్నారు. ముందుకొచ్చిన గొర్రెని వెనక్కి పొమ్మనడానికి మనసొప్పక అంకాలమ్మ పక్క ఊళ్ళ సీసాలు కూడా తెరిచింది. మూడో రోజుకి పెట్టెలన్నీ ఖాళీ. మూడు వందల మందల్లో యాభై దాటాయేమో. పడమటి కొండల మీద మబ్బులు కమ్ముకుంటున్నాయి.

మల్లేశ్వరి తెర ముందు కూర్చుని ఒక్కొక్క పేరే చూసుకుంటూ పోయింది. నాగులు, ఇరవై. లక్ష్మీనరసయ్య, ఇరవై. నాగయ్య, ఇరవై. ఇరవై, ఇరవై, అక్కడక్కడ ఒక పాతిక. మూడు వందల ఇళ్ళలో మందలన్నీ కూడబలుక్కుని ఇరవయ్యే ఈనినట్టు. ఆ నాగులు ఆమె నాయనకి సొంత అన్న. ఆయన మంద కొండ దిగుతుంటే దారి కనబడదు.

అప్పుడు ఆమెకి సంగతి తట్టింది. గొర్లు కాసేవాడు తన మంద ఎన్నో నోటితో చెప్పడు. చెప్తే దిష్టి, పైగా గంగమ్మకి కోపం. ఎవరైనా అడిగితే ఇరవై అంటాడు, అడిగినవాడు అర్థం చేసుకుని ఊరుకుంటాడు. చిన్నప్పుడు బడి పంతులు అడిగితే తనూ ఇరవయ్యే చెప్పింది! ఊరూ పేరూ తెలియని వాళ్ళు ఈ ప్రశ్న రాసి ఉంటే ఒక దారి. కాపరి కడుపున పుట్టి, కుర్చీలో కూర్చుని, తానే రాసింది.

శేషాద్రి గారు తలుపు వేసుకుని మెల్లగా అన్నాడు. "అమ్మా, బయట మందలు వలస వచ్చాయని చెప్దాం. మన లెక్క తప్పంటే ఈ యాప్‌నే నమ్మరు. నిన్నూ నమ్మరు."

"వలస మందలంటే ఒకసారికి ఇస్తారు సారూ. మళ్ళీ ఏడు మళ్ళీ ఇరవయ్యే గదా."

అక్కడికక్కడే కొండలరావుకి ఫోన్ చేసింది. ప్రశ్న తప్పు, రాసింది నేను, అని దాచకుండా చెప్పింది. అటుపక్క అతను స్టాకు లెక్క తీసి చూశాడు.

"మేడం, మందు స్టాకుంది. కానీ ఏ లెక్క మీద పంపను? ఇరవై అబద్ధమన్నారు. నిజమేదో నాలుగు రోజుల్లో చూపించండి. ఆ తర్వాతైతే ఆ స్టాకు వేరే జిల్లాకి వెళ్ళిపోతుంది."

"చూపిస్తా సార్" అంది. ఎట్లాగో ఆమెకే తెలియదు.

మర్నాడు పొద్దున్నే మొగుడి ఆటోలో పుట్టినూరికి పోయింది. నాగులు పెదనాయన చింతచెట్టు కింద కూర్చుని తెగిన వల అల్లుకుంటున్నాడు. మంద చుట్టూ దడి కట్టడానికి ఇప్పుడు వెదురు తడికెలు మోసేవాళ్ళు అరుదు. నైలాన్ వల మోసుకుపోయి, ఏ రైతు చేలో మంద నిలపాలో అక్కడ గుండ్రంగా కట్టి గొర్లని లోపలికి తోలతారు.

"పెదనాయనా, ఇరవై అని ఎందుకు చెప్పినావ్? నేను గదా అడిగించింది!"

"నువ్వు అడిగితే మాత్రం? ఆ పలక మీద ఏలు పెట్టి రాసుకుంటా ఉండె అంకాలమ్మ. ఆ అంకె యాడికి పోతదో, ఎంతమంది కళ్ళు పడతాయో! నువ్వు గొర్లోళ్ళ బిడ్డవేనా అసలు?"

"ఆ ఇరవైకే మందొచ్చింది. నీకు లేదు పో."

ముసలాయన చేతిలో వల అల్లే సూది ఆగింది. చిటుకతో గొర్లు కూలిన మూడేళ్ళ కిందటి తొలకరి గుర్తొచ్చినట్టుంది. గొంతు తగ్గించి అన్నాడు. "అట్లనకే. సూది లేకపోతే ఈ ఏడు నాకేం మిగలదు. నువ్వే ఏదన్నా చెయ్."

"ఎన్నో చెప్పు, చేస్తా."

నోరు మెదపడే! ప్రాణం పోయినా మెదపడు. మల్లేశ్వరికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆయన ఒళ్ళో వల వైపు చూసి, ఊరికే అడిగింది.

"ఇంత పెద్ద వల ఎప్పుడు కొన్నావ్?"

"పోయినేడు మార్కాపురంలో. నలభై బారలు!" అన్నాడు ముసలాయన రొమ్ము విరిచి. "ఈ చుట్టుపక్కల ఎవడికీ లేదు. లక్ష్మీనరసయ్యది ముప్పై. నాగయ్యది ఇరవై, అదీ అతుకులే."

రెండు చేతులూ చాపితే ఒక బార. అడక్కుండానే ఊరందరి బారలూ చెప్పేస్తున్నాడు! గొర్రెలకుంది గానీ వలకి దిష్టి లేదు. మల్లేశ్వరి గభాలున లేచింది. చిన్నప్పుడు నాయన ఇరవై బారల వలలో వంద గొర్లు ఎట్లా సర్దేవాడో ఆమె కళ్ళతో చూసింది. ఇప్పుడు ఆ అంకె పైకి అనలేదు. అంటే పెదనాయన వల విసిరికొట్టేవాడు.

"పోతుండావా? సంగటి తినిపో!"

"సూదులు పడినాక తింటాలే, పెదనాయనా!"

మధ్యాహ్నానికి యాప్‌లో మూడో ప్రశ్న మారింది: మీ వల ఎన్ని బారలు? అంకాలమ్మా, ఇంకో ఎనిమిదిమందీ మూడు రోజులు తిరిగారు. ఈసారి కాపరులే ముందుకొచ్చి, వల పరిచి, చేతులు చాపి కొలిచి మరీ చూపించారు. "నాది ఇరవై ఆరని రాయ్, ఇరవై అయిదు కాదు" అని అంకాలమ్మతో తగాదా పడ్డవాళ్ళు కూడా ఉన్నారు.

నాలుగో రోజు కొండలరావు ఫోన్ చేశాడు. "మేడం, ఇరవై బారలకి వంద అన్నారు. అంటే నలభైకి రెండు వందలు. అలాగే వేసి చూశాను, మొత్తం..."

"కాదు సార్. నలభైకి నాలుగు వందలు."

"అదెలా? రెట్టింపుకి రెట్టింపే కదా?"

"మా నాయనా పెదనాయనా రెండు వలలు కలిపి కడితే నాలుగు మందలు పట్టేయి సార్. మేం చిన్నప్పుడు ఎప్పుడూ చూసేదే."

అటుపక్క కాగితం మీద పెన్ను గీసిన చప్పుడు. కొండలరావు గుండ్రం గీసుకుంటున్నాడు. కాసేపటికి నవ్వాడు.

"చుట్టుకొలత రెట్టింపైతే లోపలి జాగా నాలుగింతలు. నిజమే! మేడం, మీరు లెక్కల్లో తప్పారని శేషాద్రి గారు చెప్పారే?"

"ఆ గుండ్రం లెక్కలోనే తప్పినా సార్."

అయినా మనిషి గట్టివాడు, ఊరికే నమ్మలేదు. మొదటి ఊళ్ళో సూదులు పడ్డ ఏడు మందల బారలు అడిగాడు. యాప్ వాటికి ఎనిమిది వందల ముప్పై గొర్రెలని చెప్పింది. అక్కడ నిజంగా ఖర్చయిన మోతాదులు అంకాలమ్మ ఖాళీ సీసాలన్నీ సంచిలో దాచింది కాబట్టి తెలిశాయి. ఎనిమిది వందల పన్నెండు.

"పంపిస్తున్నాను" అన్నాడు కొండలరావు. "రేపు పొద్దున్నే బండి బయల్దేరుతుంది. ఇంకో మాట. కాపరుల దగ్గర వాడే ప్రతి ప్రశ్నా ఇకమీదట మీకే ముందు చూపిస్తాం. మీరు సరేనన్నాకే యాప్‌లోకి."

"నాకు కాదు సార్. నేను కూడా తప్పినా గదా. అంకాలమ్మకి చూపించండి, ఇంకా ఇద్దరు కాపరులకి చదివి వినిపించండి. వాళ్ళు మొహం తిప్పుకుంటే ఆ ప్రశ్న తీసేయండి."

పక్కనే వింటున్న శేషాద్రి గారు కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి మొహమంతా తుడుచుకున్నాడు. వలస మందల కథ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు కూడా.

మందు వచ్చింది. ఎండలో పడి తొమ్మిది రోజులు తిరిగి, వలల లెక్కకొచ్చిన మిగతా మందలన్నిటికీ వేశారు. చివర్లో పోయింది నాగులు ఊరికే. దూరం కదా. ఆయన మందకి నాలుగు వందలకి నాలుగు మోతాదులు తక్కువ ఖర్చయ్యాయి. అంకాలమ్మ ఆ సంగతి మల్లేశ్వరి చెవిలోనే చెప్పింది, అదీ కొండ దిగాక.

ఇక మిగిలింది ఆకాశం. అంత తొందరపెట్టిన మబ్బులు అట్లాగే నిలబడిపోయాయి. రోజూ సాయంత్రం ఉరమడం, గాలికి చెదిరిపోవడం. ఎండకి మాడిపోతున్న వాళ్ళందరూ వానకి మొక్కుతుంటే, గొర్రెల ఆఫీసులో మాత్రం ఆగమని మొక్కారు. చివరి సూది పడ్డ పద్దెనిమిదో రోజున ఆగకుండా కురిసింది. వారం తిరిగేసరికి కొండవాలంతా పచ్చగా మారింది. ఆ వారం మల్లేశ్వరికి అన్నం సయించలేదు. ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడేది. పోయిన ఏళ్ళలో ఆ వారమే ఫోన్లు మొదలయ్యేవి.

ఈసారి మోగలేదు. ఎనిమిదో నాడు ఉండబట్టలేక తనే బయల్దేరింది. కొండవాలున పెదనాయన మంద తలలు ఎత్తకుండా లేత గడ్డి కొరుకుతోంది. పిల్లలు ఒకదాని మీద ఒకటి దూకుతున్నాయి. ఒక్కటీ పడి లేదు.

"ఏందమ్మే, పీనుగుల్ని చూడొచ్చినట్టు వచ్చినావ్?" అన్నాడు నాగులు. "ఒక్కటి కూడా చిటుకు మనలే. పైఊళ్ళో కూడా ఎవడికీ పోలేదంట. సూది ఏయించుకోని ఒక మొండోడికి తప్ప."

"ఎవరు పెదనాయనా?"

"ఉన్నాడులే. వాడికి వలే లేదు, తడికెలే. వల అడిగినారని తప్పుకున్నాడు. మళ్ళీ ఏటికి తడికెల్ని కూడా అడగమను మీ ఫోన్లో."

మల్లేశ్వరి ఆ మాట ఫోన్లో రాసుకుంది. తరవాత పెదనాయన భార్య పెట్టిన సంగటి ముద్దలు రెండు, చింతాకు పప్పుతో, వారం రోజుల ఆకలంతా తీరేలా తిన్నది. తిని నులకమంచం మీద నడుం వాల్చింది. ఆఫీసు నుంచి శేషాద్రి గారి ఫోను వస్తే నాగులే ఎత్తాడు.

"నిద్ర పోతుంది సామీ. గొర్లన్నీ బాగుండాయి. సాయంత్రం చెయ్యండి" అని పెట్టేశాడు.