అమ్మ గొంతుకు ఒక్క స్టార్

మా చెల్లె తయారుచేసిన యాప్‌లో మాట్లాడేది మా అమ్మ. నెల్లికుదురు దగ్గర మా ఊళ్లో కల్లంలో మిర్చి ఆరబోసినవాళ్లకు మబ్బు కనిపిస్తే గుండె దడ. ఎండుతున్న కాయ మీద నాలుగు చినుకులు పడితే రంగు పోతుంది, రంగు పోతే ధర పోతుంది. చదవడం రానివాళ్లకు కూడా వాన కబురు వినిపించాలని చెల్లెకు ఆలోచన వచ్చింది. భూపాలపల్లిలో అత్తగారింట్లో ఉంటూ, పిల్లాడు బడికి పోయాక కూర్చుని ఆ యాప్ చేసింది. గొంతు మాత్రం అమ్మది. బటన్ నొక్కితే చాలు, "ఇయ్యాల మబ్బు వడ్తది, జర పరదాలు దగ్గర పెట్టుకోండ్రి బిడ్డా" అని అమ్మ పలుకుతుంది.

అందరూ మెచ్చుకున్నారు, మంచి రేటింగే ఉండేది. అంతలో ఎవడో పనిలేనివాడు అమ్మ మాటలను వీడియోలో పెట్టి, వెనక నవ్వులు కలిపి వదిలాడు. ఇక చూడండి, ఒక్క స్టార్ల వరద. 'ఇదీ ఒక తెలుగేనా' అని ఒకరు, 'ఈ ముసలమ్మ ఎవరు బాబోయ్' అని ఒకరు. జనగామలో నా గదిలో కూర్చుని వాటన్నిటినీ చదివాను. ఒళ్లు మండిపోయింది. ఆ రాసినవాళ్లలో మిర్చి చేను చూసినవాడు ఒక్కడైనా ఉంటాడా? ఇంకొకాయన తాను ఆర్డర్ చేసిన బిర్యానీ రాలేదని ఒక్క స్టార్ ఇచ్చాడు. బిర్యానీ మా అమ్మ ఎక్కణ్నుంచి తేవాలి?

మా బడిలో నాతో పనిచేసే టీచరమ్మది జఫర్‌గఢ్. వాళ్లాయన మిర్చి వేస్తాడు. ఆమెకు యాప్ చూపించాను. స్టార్లు చూసి ఫోన్ పక్కన పెట్టేసింది.

"గిదేందక్కా, గింత తక్కువున్నయ్? ఇది పెట్టుకుంటే ఫోన్ ఖరాబైతదేమో."

ఆమెను ఏమని తిట్టను? కుక్కర్ కొనాలన్నా ముందు నేను చూసేది స్టార్లే. ఆ ఐదు స్టార్ల కుక్కర్ నెల తిరక్కుండానే మొరాయించిందన్నది వేరే సంగతి.

చెల్లె ఫోన్ చేసి ఏడ్చింది. "తీసేస్తనక్కా. అమ్మను నవ్వులపాలు చేసిన."

అమ్మకు తెలియకూడదని ఇద్దరం అనుకున్నాం. కానీ మహబూబాబాద్ మార్కెట్లో ఎవరో ఆ వీడియోను అమ్మకే చూపించారు. ఆ ఆదివారం నేను ఇంటికి వెళ్లేసరికి అమ్మ మామూలుగానే ఉంది.

"నవ్వనియ్యి తియ్," అంది. "మిర్చి తడ్వకుంటే సాలు. గా చుక్కలేందో మనం పెట్టరాదా?"

మా దగ్గర మిర్చి ఏరడానికి ఒకరి చేనుకు ఒకరు బదులు పోతారు. ఈ రోజు నీ చేను, రేపు నా చేను. అమ్మ ఆ లెక్కనే చుక్కలకూ బదులు పిలిచింది. వాడకట్టు ఆడవాళ్లంతా ఫోన్లు పట్టుకుని మా కల్లంలోకి వచ్చారు. కొందరు కొడుకుల ఫోన్లు తెచ్చారు. అందరికీ చాయ్ పోసి, ఏం రాయాలో అమ్మే చెప్పింది. "గీ అవ్వ మంచిగ చెప్తది." రాయడం వచ్చినవాళ్లు రానివాళ్ల ఫోన్లలో కూడా అదే మాట కొట్టి, ఐదేసి చుక్కలు పెట్టారు. అందరూ పెళ్లికి వచ్చినంత సంబరంగా ఉన్నారు.

మళ్లీ ఆదివారానికి ఆ రివ్యూలన్నీ మాయమయ్యాయి. ఒకే చోటి నుంచి, ఒకే మాటతో వచ్చాయి కదా, దొంగవని యాప్ స్టోర్ తీసేసింది. బిర్యానీ ఆయన స్టార్ మాత్రం చెక్కుచెదరలేదు. చెల్లె ఫోన్లో ఈ సంగతి చెబితే అమ్మకు కోపం వచ్చింది.

"బదులు పోవుడు గూడ దొంగతనమేనా?"

నాకు నవ్వూ వచ్చింది, బాధా వేసింది. ఒక్కసారైనా యాప్ తెరిచి వినని వాళ్ల మాట నిలిచింది, రోజూ వినేవాళ్ల మాట కొట్టుకుపోయింది. ఇక తీసేద్దామని చెల్లె గట్టిగానే అనుకుంది. తీసేసేముందు అన్ని రివ్యూలూ ఒకసారి చదువుతుంటే ఒకటి కనిపించింది. భూపాలపల్లి అవతలి తండా నుంచి ఎవరో ఆడమనిషి రాసింది. 'వాన రాదు అన్నది. వచ్చింది. మా మిర్చి తడిసింది.' కింద ఒక్క స్టార్.

చెల్లె దాన్ని ఫోన్లోనే అమ్మకు చదివి వినిపించింది. ఆ వీడియో చూసి చలించని మనిషి అన్నం ముందు నుంచి లేచిపోయింది.

"నా నోటితోటి చెప్పిన గదా బిడ్డా. ఆమె నన్ను నమ్మి పరదా కప్పకపాయె."

చెల్లె వెతికితే తప్పు దొరికింది. యాప్ జిల్లా కేంద్రం వాతావరణమే అందరికీ చెబుతోంది. అడవి దిక్కు వాన వేరు. దాన్ని సరిచేసి, ఎవరి ఊరు వాళ్లు ఎంచుకునేలా మార్చింది. అమ్మ 'వాన రాదు' అన్న మాటను తీసేయించి, మళ్లీ కొత్తగా చెప్పింది. "రాకపోవచ్చు, అయినా పరదా దగ్గరుంచుకోండ్రి." ఆ రివ్యూ కిందే చెల్లె క్షమించమని రాసింది.

కొన్ని వారాలకు ఆ తండా ఆమె తన రివ్యూ మార్చింది. నాలుగు స్టార్లు. 'ఇప్పుడు సరిగ్గ చెప్తున్నది. మా అత్తకు తెలుగు రాదు. మా భాషల చెప్పినంక ఐదోది పెడ్త.'

చెల్లెకు ప్రాణం లేచి వచ్చింది. లంబాడీ మాటలు అమ్మతో పలికించాలని, రాసుకుని మరీ ఊరికి వచ్చింది. అమ్మ ఒప్పుకోలేదు.

"వాళ్ల భాష నేను మాట్లాడితే వాళ్లకు నవ్వొస్తది. ఆమెనే మాట్లాడుమను."

ఇప్పుడు యాప్‌లో రెండు గొంతులున్నాయి, రెండోది లంబాడీలో ఆ తండా ఆమెది. రేటింగ్ ఇంకా మూడు దాటలేదు. అయినా టీచరమ్మ భర్త పెట్టుకున్నాడు, తండా ఆమె రాసింది నేనే ఆయనకు చూపించాను. నేనూ ఈ మధ్య ఏది కొన్నా స్టార్ల సంఖ్య చూసి ఆగిపోవడం లేదు, నిజంగా తడిసినవాళ్లు ఏం రాశారో వెతుక్కుంటున్నాను.

అమ్మ పొద్దున్నే కల్లంలో కూర్చుని ముందు ఆ రెండో గొంతే నొక్కుతుంది. ఒక్క ముక్క అర్థం కాదు. చివరిదాకా వింటుంది.

"మంచిగ చెప్తున్నది," అంటుంది.