వదిన మాటకు నా హిందీ

సిమ్లా వెళ్లాలన్న ఆలోచన మా అల్లుడిది. తనూ, మా అమ్మాయీ, అటు తల్లిదండ్రులూ, ఇటు మేమిద్దరం కలిసి ఆరుగురం వెళ్లాలని అనుకున్నాడు. మా ఆయన "గొర్లను ఎవలకు ఒప్పజెప్పి రావాలె?" అని ఒక్క మాటతో తప్పించుకున్నాడు. మాది పెన్‌పహాడ్ దగ్గర పల్లె. నేను ఉద్యోగం కోసం సూర్యాపేటలో ఉన్నన్నాళ్లూ ఆయన మందతోనే ఉన్నాడు, ఇప్పుడూ అంతే. కోదాడలో మా వియ్యంకుడికి యాసంగి వరికోతలు అడ్డం వచ్చాయి. చివరికి రైలెక్కింది నలుగురం: పిల్లలిద్దరూ, నేనూ, మా వియ్యపురాలు.

ఆమెను నేను వదినా అంటాను. ఆమె నన్ను వదినగారూ అంటుంది. వరుస కుదిరింది కానీ చనువు కుదరలేదు. పిల్లలు హైదరాబాదులో ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడ్డారు. వాళ్లు క్రైస్తవులు, మేము హిందువులం. పెళ్లి కోదాడలో వాళ్ల చర్చిలో ఒకసారి, సూర్యాపేట ఫంక్షన్ హాల్లో ఒకసారి జరిగింది. పెద్ద గొడవలేమీ కాలేదు. కోదాడలో మా వాళ్లను రెండో బంతికి కూర్చోబెట్టారని మా ఆడబిడ్డలు అలిగారు, అంతే. ఆ అలక వాళ్లు మరిచిపోయారు కానీ నాకూ వదినకూ మధ్య అది అలాగే ఉండిపోయింది. రెండేళ్లుగా మా ఫోన్లు ఒకే తీరు. "బాగున్నరా వదినా?" "బాగున్నామండీ. మీరూ?" అక్కడితో ఫోన్ పిల్లల చేతిలోకి వెళ్లిపోయేది.

ఆమె సోషల్ టీచరుగా చేసి రిటైరైంది. నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఆమె మెల్లగా, ఒక్కో మాటా తూచినట్టు మాట్లాడుతుంది. నాకేమో పాతికేళ్లు బస్సులో అరిచి అరిచి గొంతు పెద్దదైపోయింది. ఆమె ఎదుట మాట్లాడాలంటే నా గొంతు నాకే ఎబ్బెట్టుగా ఉండేది. గర్వమున్న మనిషి అనుకునేదాన్ని.

కొండదారి మలుపుల్లో మా అమ్మాయికి వాంతులు పట్టుకున్నాయి. సిమ్లా చేరేసరికి తల ఎత్తలేకపోయింది. మరునాడు పొద్దున పదింటికి ఒక గైడు వచ్చి మూడు గంటలు మా నలుగురినే నడిపిస్తూ ఊరు చూపించేలా అల్లుడు ముందే మాట్లాడి పెట్టాడు. పొద్దున మా గదికి వచ్చి, "క్యాన్సిల్ చేస్తా అత్తమ్మా, తనకింకా కళ్లు తిరుగుతున్నాయంట," అన్నాడు.

నేను సరే అనబోయాను. వదిన అప్పటికే స్వెట్టర్ వేసుకుంటోంది. "నువ్వు ఆ పిల్లని చూసుకోరా. మేమిద్దరం వెళ్లొస్తాం," అంది.

మూడు గంటలు, ఈమెతో, నేనొక్కదాన్నే. ఏం మాట్లాడాలి?

గైడు ఒక ఆడమనిషి. నలభై అయిదేళ్లుంటాయి. పొట్టిగా, గట్టిగా ఉంది. కాన్వాసు బూట్లు, చేతిలో మడత గొడుగు. హోటలు మెట్ల మీద మమ్మల్ని చూసి ఇంగ్లీషులో గడగడా ఏదో చెప్పింది. వదినకు ఇంగ్లీషు చదవడం, రాయడం వచ్చు కానీ ఆ వేగం అందుకోలేకపోయింది. హిందీలో చెప్పమన్నాను. వదిన నా వైపు తిరిగి, "నాకు హిందీ ఒక్క ముక్క రాదండీ వదినగారూ. మీరే చెప్పాలి," అంది.

నా హిందీ సూర్యాపేట బస్టాండులో నేర్చింది. చాలా ఏళ్లు నాతో డ్యూటీ చేసిన డ్రైవరన్న ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాడు, అతని దగ్గర పట్టిందే ఎక్కువ. నేను ఒకచోట వద్దనడానికి "నక్కో" అన్నాను. గైడుకు నవ్వాగలేదు. ఆమె హిందీ సగం నాకు అర్థం కాలేదు, నా హిందీ సగం ఆమెకు అర్థం కాలేదు. అయినా నడక మొదలుపెట్టాం.

ఆ ఊరు నేలమీద కట్టినట్టుండదు. ఒకరి ఇంటి కప్పు ఇంకొకరి గుమ్మానికి సరిగ్గా ఉంటుంది. ఎటు పోవాలన్నా మెట్లు ఎక్కాలి, లేకపోతే దిగాలి. మనుషులు వీపు మీద తాళ్లు కట్టుకుని గ్యాసు సిలిండర్లు, బీరువాలు మోసుకుంటూ మా పక్కనుంచే పైకి పోతున్నారు. నాకు మోకాళ్లు సలుపుతున్నాయి. కదిలే బస్సులో నిలబడి పనిచేసిన కాళ్లు కదా, మెట్లంటే ఒప్పుకోవు. వదిన ఏమీ అనకుండా నేను ఆగినచోటల్లా ఆగింది. చూడటానికి ఏదో ఒకటి వెతుక్కుని ఆగినట్టు ఆగేది, నాకోసమని తెలియనీయకుండా. ఆ సంగతి నాలుగోసారి ఆగినప్పుడుగానీ నాకు తట్టలేదు.

పైన చదునుగా ఉన్న పెద్ద మైదానం లాంటి చోటికి చేరాం. రిడ్జి అంటారట. గైడు గొడుగుతో కింద నేలను చూపించి, తరువాత అటొకసారి ఇటొకసారి చూపించి చాలాసేపు మాట్లాడింది. నాకు "పానీ" ఒక్కటే తెలిసింది.

"ఏమంటుందండీ?" అంది వదిన.

"ఈడ నీళ్లకు మస్తు కష్టమంట వదినా," అన్నాను. "అటు దిక్కు వాళ్లకు ఒక నల్లా, ఇటు దిక్కు వాళ్లకు ఒక నల్లానంట."

వదిన కనుబొమలు ముడిచింది. "సట్లెజ్ అన్నట్టు వినపడింది. జమున అని కూడా అంది. ఒకసారి మళ్లీ అడగండి."

మళ్లీ అడిగాను. గైడు ఈసారి ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది. వదిన నా తర్జుమా కోసం ఆగలేదు. ఆమె ముఖం వెలిగిపోయింది. నా చేయి పట్టుకుని లాగి మైదానం నడుమన నిలబెట్టింది.

"వదినగారూ, నల్లా కాదండీ! ఈ గట్టుకి అటు పడ్డ వాన సట్లెజ్‌లో కలిసి అరేబియా సముద్రానికి పోతుంది. ఇటు పడ్డది యమునలోకి, అట్నుంచి గంగలోకి, బంగాళాఖాతానికి పోతుంది. ముప్ఫై ఏళ్లు బోర్డు మీద గీతలు గీసి చెప్పానండీ ఇది. చూడ్డం ఇదే మొదలు."

"నేను జెప్పింది కూడా గదే గదా, రెండు దిక్కుల పోతయని," అన్నాను.

ఆమె పెద్దగా నవ్వింది. ఆమె అలా నవ్వగలదని నాకు తెలియదు. గైడు కూడా ఏమీ అర్థం కాకపోయినా నవ్వింది. మా కాళ్ల కింద నేలలో పాతకాలపు పెద్ద నీళ్ల ట్యాంకు కూడా ఉందని తరువాత చెప్పింది. అది మాత్రం నేను తప్పు లేకుండా చెప్పాను.

అక్కడినుంచి చర్చి వైపు వెళ్లేదారిలో కోతులు బాగా ఉన్నాయి. కళ్లద్దాలు లాక్కుపోతాయనీ, తీసి సంచిలో పెట్టుకొమ్మనీ గైడు చెప్పింది. వదిన తీసి పెట్టుకుంది. పెట్టుకున్నాక రెండడుగులు వేసి ఆగిపోయింది.

"మెట్టు కనపడట్లేదండీ," అంది.

"నా చెయ్యి వట్టుకోండ్రి వదినా."

మొహమాటపడుతూ పట్టుకుంది. నేను మెట్టు వచ్చినప్పుడల్లా "మెట్టు" అని, అయిపోయినప్పుడు "ఖతం" అని చెబుతూ నడిపించాను. నా మోకాళ్లు, ఆమె కళ్లు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి నడక నడిచాం.

చర్చి పసుపురంగుది. లోపల ఎత్తయిన కిటికీలకు రంగురంగుల అద్దాలు. ఆ సమయానికి ప్రార్థనలేమీ లేవు. నలుగురైదుగురు యాత్రికులు ఫోటోలు తీసుకోవద్దన్న బోర్డు చదువుతున్నారు. వదిన సంచిలోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని ఒక బెంచీ మీద కూర్చుని తలవంచుకుంది. నేను పక్కన కూర్చున్నాను. గైడు మా ముందు బెంచీలో ఇటు తిరిగి కూర్చుంది. వదిన తల ఎత్తాక, ఊరికే మాట కలపడానికన్నట్టు, పిల్లలెందరని గైడు అడిగింది.

ఇది నాకు బాగా అర్థమైంది. నాకిద్దరు, ఒక కూతురు, ఒక కొడుకు అని చెప్పాను. వదిన వైపు చూపించి, "ఇన్ కో ఏక్," అన్నాను. ఒక్కడే, మా అల్లుడు అని.

"ఏక్ కాదు," అంది వదిన. "దో అని చెప్పండి."

తప్పు విన్నదేమో అనుకున్నాను. "పిల్లలు ఎంతమందని అడుగుతున్నది వదినా."

"తెలుసండీ. నాక్కూడా ఇద్దరే. వాడికంటే ముందు ఒక పాప. లేదిప్పుడు. చర్చిలో కూర్చుని ఒక్కడేనని ఎలా చెప్పమంటారు?"

గైడు నా ముఖం చూస్తోంది, నేను చెప్పేదాని కోసం. "దో," అన్నాను. తరువాత ఏం చెప్పాలో తెలియక వదిన వైపు చూశాను. ఆమె నాతో కాదు, గైడుతో మాట్లాడుతున్నట్టు అటే చూస్తూ చెప్పింది. నేను ఒక్కో ముక్కా విని, నా వచ్చీరాని హిందీలో అటు చేర్చాను.

అప్పుడు వదిన ఉద్యోగం మిర్యాలగూడలో. పాప నాలుగో తరగతి. వానాకాలం. పచ్చకామెర్లు అంది వదిన. మా వైపు పసిరికలంటాం. దానికి హిందీ మాట నాకు రాలేదు. "ఆంఖే పీలే," అన్నాను. "పీలియా," అంది గైడు మెల్లగా.

"పసరు మందు పోయించాం. అందరూ అదే మంచిదన్నారు. నేనూ నమ్మాను. పదిరోజులు చూశాకగానీ ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. నేను పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. నాకు తెలియాలి గదా," అంది వదిన.

చివరి మాట నేను గైడుకు చెప్పలేదు. చెప్పడం రాక కాదు. చెప్పబుద్ధి కాలేదు. వదిన నేను ఆగిపోవడం గమనించింది కానీ చెప్పమని అడగలేదు.

గైడు లేచి వచ్చి వదిన మోకాలి మీద చేయి వేసి కొద్దిసేపు ఉంది. తరువాత బయట కోతులు తగ్గాయేమో చూసి వస్తానని వెళ్లింది.

"మాకు జెప్పలేదేంది వదినా?" అన్నాను. నా గొంతు ఆ పెద్ద గదిలో మోగింది. తగ్గించి మళ్లీ అన్నాను.

"సంబంధం మాట్లాడేటప్పుడు చెప్పొద్దన్నారండీ మావాళ్లు. ఇంట్లో జబ్బులున్నాయేమో అనుకుంటారని. మీరు మా ఇంటికి వచ్చిన రోజు పాప ఫోటో తీసి బీరువాలో పెట్టాను. తరువాత మళ్లీ గోడకి పెట్టేశాను. కానీ మీరొస్తున్నారంటే మళ్లీ తీయాలి. అందుకే మిమ్మల్ని రమ్మని పిలవలేదు ఎప్పుడూ."

రెండేళ్లుగా నేను ఆమె పిలవకపోవడాన్ని గర్వమనుకున్నాను. ఆ మాట ఆమెకు అక్కడే చెప్పేశాను. "నేను మిమ్మల్ని గర్వమనుకున్న వదినా. మా వాళ్లను రెండో బంతిల కూసోబెట్టిండ్రని గుడ కోపమున్నది నాకు."

"ఆ రోజు వంటవాళ్లకు గ్యాసు అయిపోయిందండీ," అంది వదిన. "మొదటి బంతికి చాలినంత అన్నం ఉడకలేదు. చుట్టాలకు సగం సగం పెట్టలేక ఆగమన్నాం."

బయటికి వచ్చి గైడును కలుసుకున్నాం. తరువాత దిగువ బజారు మీదుగా నడిచాం. గైడు పాతకాలపు తపాలా కచేరీ, ఉన్ని శాలువల కొట్లు, కొండ మీద నుంచి కిందికి మనుషుల్ని దించే లిఫ్టు అన్నీ చూపించింది. నేను విన్నది విన్నట్టు చెప్పాను, అర్థం కాకపోతే కాలేదన్నాను. మూడు గంటలన్న నడకకు నాలుగున్నర గంటలు పట్టింది. విడిపోయేటప్పుడు గైడు వదినను ఏదో అడిగి నా వైపు చూసింది. "పాప పేరు అడుగుతున్నది," అన్నాను. వదిన చెప్పింది. ఆ పేరు నేనూ అప్పుడే విన్నాను.

గదికి వచ్చేసరికి మా అమ్మాయి లేచి చారన్నం తింటోంది. వదిన బాత్రూములోకి వెళ్లాక అడిగాను. "నీకు ఎరుకేనా, మీ అత్తమ్మకు ముందుగాల ఒక బిడ్డ ఉన్నదని?"

అమ్మాయి ముద్ద ఆపింది. "ఎరుకేనమ్మా. నీకు చెప్పకు అన్నది అత్తమ్మ. తనకు తనే చెప్త అన్నది."

కోపం వచ్చింది. కన్నతల్లి దగ్గర దాచిందే అని. రాత్రి భోజనం వరకు ముభావంగానే ఉన్నాను. తరువాత, ఒకరి మాట నిలబెట్టిన పిల్ల మీద కోపమెందుకనిపించి ఊరుకున్నాను.

వానలు మొదలయ్యాక వదిన ఫోన్ చేసింది. "శనివారం మిర్యాలగూడ వెళ్తున్నాను, సమాధుల తోటకి. మీకు వీలవుతుందా వదినా?" అంది. వదినగారూ అనలేదు.

సూర్యాపేట నుంచి కోదాడ పోయి, అక్కడ ఆమెను కలిసి, హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సెక్కాం. ఆ దారిలో నేను ఏళ్ల తరబడి టికెట్లు కొట్టాను. ఎక్కడ గుంతలుంటాయో, ఎక్కడ స్కూలు పిల్లలు ఎక్కుతారో చెబుతుంటే ఆమె వింది. తోటలో సమాధి చిన్నది. చుట్టూ పిచ్చి తుమ్మ మొలిచింది. నేను పల్లెటూరిదాన్ని కదా, కొంగు బిగించి మొక్కలు పీకాను. వదిన వద్దనలేదు, తను సున్నం కలిపింది. ఇద్దరం తెల్లగా పూశాం. చినుకులు పడతాయేమోనని భయపడ్డాం కానీ పడలేదు.

ఆమె ప్రార్థన చేసింది. నేను చేతులు జోడించి నిలబడ్డాను. అయ్యాక బస్టాండులో చాయ్ తాగుతూ ఆ పిల్ల అల్లరి చెప్పింది. తల్లి బడి సంచిలోంచి సుద్దముక్కలు దొంగిలించి, ఇంటి ముందు గచ్చంతా బొమ్మలు వేసేదట. అద్దెకిచ్చిన ఇంటాయన తిడితే, "మా అమ్మ టీచరు, నేను హెడ్డు టీచర్ని," అనేదట. చెబుతూ చెబుతూ వదిన నవ్వింది, నేనూ నవ్వాను. కోదాడ బస్సు మా ముందు నుంచే వెళ్లిపోయింది. తరువాతి బస్సు గంటకు గానీ లేదు. ఇంకో చాయ్ చెప్పి, "ఇంకేం జేసేది ఆ పిల్ల, చెప్పండ్రి," అన్నాను.