తప్పును తయారు చేసే భాష

మారేడ్‌పల్లిలో మా పక్కింటి చాచా ఒక సర్కారు దఫ్తరులో ఉర్దూ ఉత్తరాలు రాసే గుమాస్తా. ఇరవై రెండేళ్ల నౌకరీ. ఆయన దస్తూరీ చూడటానికే కొందరు అధికారులు కాగితం రెండోసారి తెప్పించుకునేవారట. నిజాం పాలన ముగిసిన పోలీస్ యాక్షన్ రోజుల్లో ఆ ఇంటివాళ్లు భయంతో వారం పాటు తలుపు తీయలేదు. అమ్మ మధ్య గోడ మీదుగా కూర గిన్నెలు అందించేది. ఆ తర్వాత కొన్నాళ్లకు దఫ్తరులో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. మూడు నెలల్లో ఇంగ్లీషులో ఉత్తరం రాసి చూపించకపోతే పని ఉండదని చాచాకు చెప్పేశారు.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. ఒక బడిలో చిన్న తరగతులకు ఇంగ్లీషు చెబుతున్నాను. ఒక సాయంత్రం చాచా మా ఇంటికొచ్చి, నాన్న ఎదురుగానే నన్ను అడిగారు.

"బిడ్డా, జెర నాకు ఇంగ్లీషు నేర్పుతవా? నీకు తీరినప్పుడే వస్త."

తండ్రి వయసు మనిషికి పాఠం చెప్పడమంటే సిగ్గేసింది. అయినా ఒప్పుకున్నాను.

అక్షరాలు తొందరగానే పట్టుబడ్డాయి. ఇబ్బందంతా ‘మేక్’ అనే చిన్న మాటతో వచ్చింది. మనం పని చేస్తాం, తప్పు చేస్తాం, ప్రయత్నం చేస్తాం. ఉర్దూలోనూ అంతే. అందుకని చాచా అన్నిటికీ ‘డూ’ రాసేవారు. పనికి ‘డూ’ సరే, తప్పుకు మాత్రం ‘మేక్’ రావాలన్నాను. ‘మేక్’ అంటే తయారు చేయడమని అంతకుముందు నేనే చెప్పి ఉన్నాను. ఆయన కలం కింద పెట్టారు.

"తప్పు సుత తయారు చేస్తరా వాళ్లు?"

చదివి చదివి చెవికి అలవాటైందే తప్ప, కారణం నాకూ తెలియదని ఒప్పుకున్నాను. చాచా, ఉర్దూలో కసమ్ తింటామని, అదే తెలుగులో ఒట్టు పెట్టుకుంటామని, దానికి మాత్రం కారణం ఎవరికి తెలుసని అన్నారు. ఆ రోజు నుంచి ఎందుకని అడగలేదు. స్నేహానికి, చప్పుడుకు, సంధికి, ప్రయత్నానికి ‘మేక్’ అని ఒక నోటుబుక్కులో జంటలు రాసుకున్నారు. ఒకరోజు పుస్తకంలో ‘మేక్ డూ’ కనబడింది. ఉన్నదానితో సరిపెట్టుకోవడమని చెప్పాను.

"గిది మా ఇంట్ల అందరికి ఎరుకే," అని నవ్వారు.

పరీక్షలో ఒక ఉర్దూ ఉత్తరాన్ని ఇంగ్లీషులోకి మార్చమన్నారు. చాచా గట్టెక్కారు గానీ, ఉత్తరాలు రాసే బల్ల ఇంకొకరికిచ్చి, ఆయన్ని పాత కాగితాల గదికి పంపారు. ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది. నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఇంకా బాగా చెప్పాల్సిందని అన్నాను.

"నౌకరీ నిలవడ్డది బిడ్డా. ఐతారం వస్త, పాఠం ఆపకు."

అన్నట్టే రెండేళ్లు ప్రతి ఆదివారం వచ్చారు. పాత ఉర్దూ కాగితాలను వెతికి వాటి సారాంశం ఇంగ్లీషులో రాసిచ్చే మనిషి కావలసివచ్చినప్పుడు, రెండు భాషలూ తెలిసింది ఆ దఫ్తరులో ఆయనొక్కరికే. మళ్లీ బల్ల ఇచ్చారు. ఆ వారం మా ఇంటికి ఎండు ఆప్రికాట్లతో చేసే ఖుబానీ మీఠా పంపించారు. పాఠానికి మాత్రం మామూలు వేళకే వచ్చి కూర్చున్నారు.