మేరమ్మ చేతి నీళ్లు

వరదరాజులు అనే పేరు వింటే ఇప్పటికీ నా నోట్లో చేదు ఊరుతుంది. మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చీము, నెత్తురు, పురుగులు పట్టిన పుండ్లు చూసినవాణ్ణి. అవేవీ నాకు ఈ మనిషంత రోత పుట్టించలేదు. నేను చెప్పాలనుకున్నది మా మేరమ్మ గురించే. కానీ ఆయన్ని తప్పించి ఆమె కథ చెప్పడం నా వల్ల కాదు.

మేరమ్మది కుప్పం. తండ్రి దాసప్ప బండలు కొట్టే కూలి, మాలపల్లెలో కాపురం. ఆమె మిషన్ బడిలో చదువుకుని, మా ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంది. పెళ్లయిన కొన్నాళ్లకే మొగుడు పోతే ఆ పనినే నమ్ముకుని ఉండిపోయింది. గట్టి మనిషి. సూదిమందుకు ఏడ్చేవాళ్లను కసిరేది, కసురుతూనే తల నిమిరేది. అబద్ధమంటే మాత్రం సహించేది కాదు. వార్డులో దొంగతనంగా బీడీ కాల్చి, కాల్చలేదని బుకాయించినవాడికి మందు పోసేది గానీ వాడితో మాట్లాడేది కాదు.

నలభై రెండులో జపాను సైన్యం బర్మా మీద పడింది. రంగూనుకు బతకపోయిన మనవాళ్లు కొండలూ అడవులూ దాటి మణిపూరు వైపు కాలినడకన వస్తున్నారనీ, దారి పొడుగునా వాంతిభేదితో రాలిపోతున్నారనీ కబుర్లు వచ్చాయి. శిబిరాలకు నర్సులు కావాలన్నారు. మేరమ్మ ట్రంకుపెట్టె సర్దుకుంది. బస్సులో పుంగనూరు మీదుగా కుప్పం పోయి, తండ్రికి చెప్పి అక్కడే రైలెక్కింది. అక్కడ బాంబులు వేస్తున్నారంట కదా అని దాసప్ప కళ్లనీళ్లు పెట్టుకుంటే, అందుకే కదా నాయనా పోతాండేది అన్నదట.

తిరిగి వచ్చాక ఆమె చెప్పగా విన్నదే ఇదంతా. వెదురు పందిళ్లు, మోకాలి దాకా బురద, శవాల మీదా అన్నం మీదా ఒకే ఈగలు. విమానం చప్పుడు వినబడితే లేవగలిగినవాళ్లు కందకాల్లో దూకేవాళ్లు. లేవలేనివాళ్ల పక్కన మేరమ్మ కూర్చునేది. తెల్లవాళ్లు నడిచి రావడానికి ఒక దారి, మనవాళ్లకు వేరే దారి. ఆ దారిలో డేరాలు, డబ్బాపాలు, నరానికి ఎక్కించే ఉప్పునీటి సీసాలు. ఈ దారిలో కాచిన నీళ్లలో ఇంత ఉప్పు, ఇంత గంజి. అది దొరల నీతి అనుకుందాం. మనవాళ్లు ఏం తక్కువ తిన్నారు? శిబిరంలో పెద్ద కులాల వాళ్లకని వేరే నీళ్ల కుండ, దానికి వేరే వంటమనిషి. కింద పెట్టిన బట్ట తడుస్తూనే ఉంటుంది, కళ్లు లోపలికి పోతూనే ఉంటాయి, అయినా ఏ కుండలో ముంచావని అడగడం మానరు.

ఒక ఉదయం శిబిరం మీద బాంబులు పడ్డాయి. ఆ పెద్ద కుండ పగిలింది, వంటమనిషి ఎటో పారిపోయాడు. ఆ మధ్యాహ్నమే వరదరాజులు పెళ్లాన్ని ఈడ్చుకుంటూ వచ్చాడు. పుంగనూరు మనిషి, రంగూనులో బియ్యపు మిల్లు గుమాస్తా. పెళ్లాం సుభద్రమ్మకు అప్పటికే వాంతిభేది ముదిరింది. మేరమ్మ మాట వినగానే తమ వైపు యాసేనని ఆయన ప్రాణం లేచివచ్చింది. దారిలో దొరల డేరా దగ్గర కొళాయి ముట్టుకోబోతే కుక్కను తోలినట్టు తోలారని, మనం మనుషులం కాదా అని తిట్టిపోశాడు. మేరమ్మ అవునంటూనే గంజినీళ్ల గ్లాసు సుభద్రమ్మ పెదాల దగ్గరికి తెచ్చింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరేమిటోళ్లమ్మా?"

"ఇప్పుడది యాలప్పా? ఆయమ్మ కండ్లు సూడు. నీళ్లు పట్టకుంటే పొద్దు గూకేలోగా పోతాది."

"పోతే పోతాది. కులం పోతే మల్లా రాదు."

పక్కన పెళ్లాం చెవిన పడేలా అన్నాడా మాట. ఆమె ఏడవడానికి కూడా ఒంట్లో నీళ్లు లేవు, ఊరికే చూసింది. నిజం చెబితే ఆ చెయ్యి పక్కకు జరగదని మేరమ్మకు తెలుసు. ఆయన కులమేదో మాటల్లో ముందే చెప్పుకుని ఉన్నాడు. మా వార్డులో బీడీ అబద్ధాన్ని కూడా మన్నించని మేరమ్మ, ఆయన కళ్లలోకి చూస్తూ, మేమూ మీ కులమోళ్లమే అని చెప్పింది. చెయ్యి తీశాడు. సుభద్రమ్మ సగం గ్లాసు తాగి ఇక తాగలేక తల వాల్చింది. మిగిలిన సగం ఆయనే లాక్కుని గటగటా తాగేశాడు.

అలా గ్లాసు వెంట గ్లాసు పట్టి మేరమ్మ ఆమెను బతికించింది. ఇదంతా చెప్పి, చివరికి నాతో ఒక మాట అంది: "అబద్ధం చెప్పినందుకు కాదన్నా, చెప్తేగానీ ఆయమ్మ నోట్లో నీళ్లు పడలేదే, అదీ నాకు రోత."

కొన్ని నెలలకు వరదరాజులు మా ఆసుపత్రి గేటు దగ్గర ప్రత్యక్షమయ్యాడు. చేతిలో పళ్లెం, అందులో పట్టుచీర, పసుపుకుంకుమలు, అరటిపళ్ల అత్తం. బర్మా దారిలో తన భార్య ప్రాణం కాపాడిన తమ కులపు నర్సమ్మను సత్కరించాలట. పళ్లెం అందుకున్న గేటు కాపలావాడు తెలియక నవ్వేశాడు. మేరమ్మా, ఆమె కుప్పం మాలపల్లె దాసప్ప కూతురు కదా అన్నాడు. వరదరాజులు మొహం మాడిపోయింది. పళ్లెంలోంచి చీర తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. అరటిపళ్లు మాత్రం కాపలావాడు ముట్టుకున్నాడని అక్కడే వదిలేశాడు. పట్టుకు అంటని మైల పండుకు అంటిందన్నమాట. ఆ పళ్లు వార్డులో పిల్లలు తిన్నారు. నాకు ఒకటి ఇస్తే దాన్నీ వాళ్లకే ఇచ్చేశాను.

అంతటితో పోతే నేనీ కథ చెప్పేవాణ్ణి కాదు. సంగతి పుంగనూరుకు పాకి, కులపెద్దలు కూర్చున్నారు. మాల చేతి నీళ్లు తాగిన నోటికి శుద్ధి జరగాలన్నారు. బంగారు సూది కాల్చి నాలుక మీద వాత పెట్టడం పాత ఆచారమట. నువ్వూ తాగావా అని వరదరాజులును అడిగారు. ఆ రోజు నాకు దప్పిక లేదు అన్నాడు. పెద్దలు నమ్మారు. సుభద్రమ్మ ఒక్కతే నాలుక చాపింది.

వాత పుండయింది. నాలుక ఉబ్బి, జ్వరం ముదిరి, మెతుకు దిగని స్థితిలో ఆయనే ఆమెను బండిలో మదనపల్లెకు తెచ్చాడు. వేడి గంజి తాగి కాల్చుకుందని చెప్పాడు. డాక్టరమ్మ నోరు తెరిపించి చూసి ఆయన వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. నోరు కడిగి మందు పూయడం, చుక్క చుక్కగా తాగించడం మేరమ్మ వంతు. కాలిన గుర్తు చూసిన రోజు ఆమె నా మందుల గదిలోకి వచ్చి, గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఆ వాత నేను పెట్టిందేనన్నా అంది. కాదని నేను ఎంత చెప్పినా వినలేదు.

జ్వరం తగ్గి సుభద్రమ్మ లేచి కూర్చున్న ఉదయం వరదరాజులు వచ్చాడు. మంచానికి దూరంగా నిలబడి, మేరమ్మను చూడకుండా నన్ను చూస్తూ అడిగాడు.

"మందేయడానికి ఇంకెవురూ లేరాప్పా ఈడ? మల్లా మొదటికొస్తాది."

నేనైతే మెడపట్టి గెంటేసేవాణ్ణి. మేరమ్మ గ్లాసును స్టూలు మీద పెట్టి వెనక్కి జరిగింది.

"నీ నోరు, నీ ఇష్టమమ్మా. ఎవుర్ని పిలవమంటే వాళ్లని పిలస్తా. ఈసారి నీకు అబద్ధం చెప్పను."

వార్డంతా ఇటే చూస్తోంది. సుభద్రమ్మ చెయ్యి చాచి ఆ గ్లాసు తనే తీసుకుంది. నొప్పికి కళ్లు మూసుకుని, గుటక గుటకగా సగం తాగింది. మిగిలిన సగం మొగుడి వైపు చాపి పట్టుకుంది. ఆయన అటూ ఇటూ చూశాడు.

"నాకు దప్పిక లేదు," అన్నాడు.

శిబిరం నుంచి ఆ రోజు దాకా ఆయన ముందు ఎదురుమాట అనని మనిషి, ఉబ్బిన నాలుకతో, ఒక్కొక్క అక్షరమే కూడదీసుకుంటూ అంది:

"ఆ పొద్దు ఉండింది."